గువ్వ ముక్కున వరికంకి

నిమ్మకాయలు ఎంచడంలో కర్తసారి సంతలో సుమర్నిని మించినవాళ్లు లేరు. ఈ సంగతి ఊరంతా ఒప్పుకున్నదే అయినా, ఊరికంటే ముందు ఆవిడే ఒప్పుకుంది. కాయను అరచేతిలో వేసుకుని బరువు చూస్తుంది. గోటితో తొక్క మీద చిన్న గీత గీసి వాసన చూస్తుంది. నచ్చకపోతే బుట్టలోకి కాదు, నేరుగా కొట్టువాడి ఒళ్లోకే విసురుతుంది.

"ఒక్కో కాయకీ పెళ్లిచూపులు జరిపిస్తున్నారు బూ," అన్నాడు కొట్టువాడు, పెద్దావిడన్న మర్యాద ఆ బూలో ఉంచి, వెక్కిరింత మిగతాదాంట్లో పెట్టి. "న్యాయీకి కావలసింది రసం కదా, కాయ రంగుతో పనేముంది?"

"నీ మొహానికి రాయడానికైతే ఏ కాయైనా సరిపోతుంది. ఆ అడుగునున్నవి తియ్యి, మెత్తవి పైన పెట్టి గట్టివి దాస్తున్నావు."

రెండు వందల కాయలు బుట్టకెత్తించి, రిక్షాలో తన కాళ్ల దగ్గర పెట్టించుకుని మైదానం వైపు బయల్దేరింది. ఆ రోజు సోమవారం. వచ్చే శుక్రవారం, కొత్త ఏడాది మొదటి నెల సురోలో మొదటి శుక్రవారం, న్యాయీకి తలంటు. ఆ తలంటు చేసే ఆడవాళ్లకి పెద్ద సుమర్ని. అత్తగారి తరవాత ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఆ పెద్దరికం ఆవిడదే. ఈ ఉదయం నుంచి శుక్రవారం దాకా ఆవిడ తినేది ఉప్పు లేని తెల్లన్నం, తాగేది మంచినీళ్లు. దాంతో ఏడాదంతా ముక్కు మీద ఉండే కోపం ఈ నాలుగు రోజులూ ముక్కు దిగి నోట్లోకి వస్తుంది.

న్యాయీ సెకర్ వంగి పుట్టుకకి ఫిరంగి. కంచుతో పోత పోసిన పన్నెండడుగుల మనిషి. రాచకోట ముందు, నాలుగువైపులా తెరిచి ఉన్న మండపంలో, నడుముకి బట్ట కట్టుకుని, పసుపు ఉత్తరీయం వేసుకుని పడుకుని ఉంటుంది. పరీక్షకి వెళ్లే పిల్లలు, కొత్త బండి కొన్నవాళ్లు, కడుపు పండని కోడళ్లు, అందరూ వచ్చి ఆవిడ ఒంటి మీద చెయ్యివేసి వెళతారు. ఆవిణ్ణి "అది" అని కర్తసారిలో ఎవరూ అనరు.

సుమర్ని రిక్షా దిగేసరికి మండపంలో ఒక అమ్మాయి న్యాయీ మూతి దగ్గర గొంతుక్కూర్చుని, చెవిలో గుబిలి తీసుకునే దూదిపుల్లలాంటి దానితో తామర రేకుల సందుల్ని మెల్లగా తుడుస్తోంది. పక్కన స్తంభానికి కొత్త బోర్డు వేలాడుతోంది. "తాకరాదు."

"ఎవరమ్మాయ్ నువ్వు?"

అమ్మాయి లేచి, తలవంచి, రెండు చేతులూ జోడించింది. "నా పేరు రత్రి, బూ. పాతవస్తువుల ఆఫీసు నుంచి వచ్చాను. ఈ వస్తువు పరిస్థితి చూసి..."

"ఎవరు వస్తువు?"

రత్రి నాలుక కరుచుకుంది. "న్యాయీ. న్యాయీ ఒంట్లో ఎలా ఉందో చూసి రమ్మన్నారు."

అప్పటికే కోట నుంచి హార్యోగారు, అందరూ పాక్ అని, అంటే అయ్యా అని పిలిచే పెద్దాయన, వచ్చాడు. రాచవారి పాత సొత్తుకి కాపలాదారుల మీద పెద్ద. మనిషి మంచివాడే గానీ గోడ మీద పిల్లి. ఎటు దూకాలో తేలేదాకా మీసం సవరించుకుంటూ ఉంటాడు. ఆయన చేతిలో ఆఫీసు ఉత్తరం ఉంది. మండపం చుట్టూ బండ్ల వాళ్లూ, పూలమ్మేవాళ్లూ, తలంటులో రెండో మనిషి జుమిలా, అందరూ వింటూ ఉండగా చదివాడు. ఈ ఏటి నుంచి నిమ్మరసం, బూడిద, కొబ్బరిపీచు వాడకూడదు. వాడితే, వచ్చే ఏడు నుంచి కడిగే పని ఆఫీసు సిబ్బందికి అప్పగిస్తారు.

"సిబ్బంది అంటే?" అంది సుమర్ని.

"వాళ్ల మనుషులు," అన్నాడు హార్యోగారు మీసం సవరించుకుంటూ.

"ప్యాంట్లు వేసుకున్న మగాళ్లొచ్చి న్యాయీ బట్ట విప్పుతారన్నమాట! చదివి వినిపించడానికి నోరెలా వచ్చింది పాక్ మీకు?"

"రాసింది నేను కాదుగా."

రత్రి మధ్యలోకి వచ్చింది. గొంతు చిన్నదే గానీ బెదురు లేదు. "నిమ్మరసం కంచుని తినేస్తుంది బూ. బూడిద గీసుకుపోతుంది. కడిగినప్పుడు వచ్చే నల్లనీళ్లు మురికి కాదు. న్యాయీ ఒళ్లే కరిగి అలా వస్తోంది. ఇది చూడండి." ఫోను తీసి, డచ్చి దొరల కాలంలో తీసిన ఫొటో చూపించింది. అందులో న్యాయీ మూతి చుట్టూ రేకులు కత్తితో చెక్కినట్టున్నాయి. "ఇప్పుడు ఇలా లేవు కదా?"

సుమర్ని ఫొటో చూసింది. న్యాయీని చూడలేదు.

"మా పెళ్లి ఫొటోలో నేనూ తెల్లగా సన్నగా ఉంటాను అమ్మాయ్. చూసినవాళ్లు నమ్ముతారా?"

బండ్లవాళ్లు గొల్లుమన్నారు. రత్రి కూడా నవ్వింది, కానీ ఫోను దించలేదు. ఆ దించకపోవడం సుమర్నికి నచ్చలేదు. ముప్ఫై ఎనిమిదేళ్లు ఎవరూ వేలెత్తి చూపని పనికి, నిన్న మొన్న పుట్టిన పిల్ల పదిమందిలో తప్పు పట్టింది. ఆవిడ బుట్ట ఎత్తి మండపం అరుగు మీద దబ్బున పెట్టింది.

"రెండు వందల కాయలు. ఒక్కటి కూడా మిగలదు. శుక్రవారం వచ్చి చూడు."

చిక్కంతా ఆ నల్లనీళ్లలోనే ఉంది. తలంటు అవగానే న్యాయీ ఒంటి మీద నుంచి జారిన నీళ్లని కుండల్లో పడతారు. ఎనిమిది ఊళ్ల జనం సీసాలూ డబ్బాలూ పట్టుకుని వస్తారు. కొందరు జ్వరపడ్డ బిడ్డకి నుదుట రాస్తారు, కొందరు కొట్టు గడప మీద చల్లుతారు, రైతులైతే మడిలో మొదటి చాలులో పోస్తారు. నీళ్లు ఎంత నల్లగా ఉంటే అంత బలం. నిమ్మరసం వాడితే న్యాయీని కడిగే హక్కు ఈ ఆడవాళ్ల చేతుల్లోంచి పోతుంది. వాడకపోతే నీళ్లు తెల్లగా వస్తాయి, తెల్లనీళ్లు పోసిన సుమర్ని మొహం ఎనిమిది ఊళ్లలో చెల్లదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అయినా ఆవిడ ఆ రాత్రి హాయిగానే నిద్రపోయింది. తప్పు అవతలివాళ్లదైనప్పుడు ఆవిడకి ఎప్పుడూ నిద్ర పడుతుంది.

మంగళవారం మధ్యాహ్నం జుమిలాకి వరస నేర్పించడానికి కూర్చుంది. వరస అంటే, ఏ చోటు తరవాత ఏ చోటు కడగాలో చెప్పే పాట. కాగితం మీద ఎక్కడా లేదు. పెద్ద చెబుతుంది, రెండోది చేత్తో అందుకుంటుంది. సుమర్నికి మోకాళ్లు నొస్తున్నాయి, ఎప్పటికైనా ఆ పీట జుమిలాదే. జుమిలాకి అది తెలుసు. తెలిసినదాన్ని దాచుకునే మనిషి కాదు.

"నిరుడు మొగ్గ దగ్గరికొచ్చేసరికి ఊపిరి ఆడలేదు మీకు. ఈసారి తోక నాకొదిలెయ్యండక్కా."

"నా ఊపిరి లెక్క నీకెందుకే? చెయ్యి పెట్టు. మూతి నుంచి."

జుమిలా పొడిచేత్తో న్యాయీ మూతి చుట్టూ నిమిరింది. సుమర్ని కళ్లు మూసుకుని అందుకుంది.

"మూతి చుట్టూ తామర, రేకులు పదహారు. రేకుకీ రేకుకీ నడుమ తుమ్మెద ఒకటి. కుడిపక్క గువ్వ, గువ్వ ముక్కున వరికంకి. ఎడమపక్క గువ్వ, గువ్వ ముక్కు ఖాళీ. మెడలో పేటలు మూడు, మూడో పేటకి పతకం. వీపున నాగులు రెండు, నాలుకలు బయట. నాగు మెడన పొలుసులు, చేతికి గుచ్చుకుంటాయి, చూసుకో. నడుము దాటితే తీగ, తీగకి కాయలు ఏడు. తోకన మొగ్గ, విచ్చీ విచ్చని మొగ్గ. అక్కడ దణ్ణం పెట్టు, అపచారం మన్నించమను."

జుమిలా చెయ్యి ఆ మాటల వెంట జారుతూ పోయి మొగ్గ దగ్గర ఆగింది. ఇద్దరూ దణ్ణం పెట్టారు.

మెట్ల మీద కూర్చున్న రత్రి ఇదంతా పుస్తకంలో రాసుకుంటోంది. పక్కన ఆకులో సోయాగింజల టెంపే వేపుడు. ఆ వాసన రెండు రోజుల చప్పిడి తిండి మీదున్న సుమర్ని ముక్కుకి ఆఫీసు ఉత్తరంకంటే ఎక్కువ కష్టంగా ఉంది.

"బూ, ఒక మాట అడగొచ్చా?"

"అడక్కుండా ఉండే రకమా నువ్వు?"

"కుడి గువ్వ ముక్కున వరికంకి అన్నారు. అక్కడ కంకి లేదు కదా."

"పాట అమ్మాయ్ అది. పాటలో అలా వస్తుంది. అందానికి."

"సరే. మరి ఎడమ గువ్వ ముక్కు ఖాళీ అని వేరే చెప్పడం దేనికి?" రత్రి లేచి వచ్చి రెండు గువ్వలకీ మధ్య నిలబడింది. "రెండూ ఖాళీయే. రెండూ ఒకలాగే ఉన్నాయి. ఒకదానికి ఉంటేనే కదా, రెండోదానికి లేదని చెప్పాల్సిన అవసరం?"

జుమిలా పకాలున నవ్వబోయి, సుమర్ని మొహం చూసి ఆగింది.

"మా అత్తగారు అలా చెప్పింది, నేను అలా చెబుతున్నాను," అంది సుమర్ని.

"మీ అత్తగారు ఊరికే మాటలు కలిపే మనిషా బూ?"

అక్కడ తగిలింది దెబ్బ. సుమర్ని అత్తగారు కూర అడగాలంటే గిన్నె వైపు చూసే మనిషి. బతికినన్నాళ్లూ ఒక మాట ఎక్కువ ఆడి ఎరగదు. అలాంటి మనిషి లేని వరికంకిని ఉందని చెప్పిందా?

"పొద్దుపోయింది," అని లేచింది. మూడున్నర కూడా కాలేదు.

బుధవారం మిట్టమధ్యాహ్నం మైదానంలో కుక్కలు కూడా నీడ పట్టాయి. సుమర్ని ఒక్కతే వచ్చింది. చెప్పులు మెట్ల కింద విడిచి, కొంగు నడుముకి బిగించి, న్యాయీ మూతి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. కళ్లు మూసుకుంది. కళ్లు తెరిచి చూస్తే కళ్లు తమకి కావలసినదే చూస్తాయి. వేళ్లు అలా కాదు, ముప్ఫై ఎనిమిదేళ్లకి పైగా పని చేసిన వేళ్లు.

రేకులు పదహారు ఉన్నాయి. తుమ్మెదలు లేవు. రేకుకీ రేకుకీ నడుమ వేలికొస ఆగిన ప్రతిచోటా ఏదో ఉండీ లేనట్టు చిన్న ఉబ్బు మాత్రం తగిలింది. కుడి గువ్వ దగ్గరికి వచ్చింది. ముక్కు కొస నుంచి కిందికి, పిల్ల నుదురు తడిమినట్టు నెమ్మదిగా జరిపింది. ఒకచోట, మెంతిగింజంత మేర, కంచు ఎత్తుగా ఉంది. తరవాత ఏమీ లేదు. ఎడమ గువ్వ ముక్కు కింద అదే చోట తడిమింది. అక్కడ ఆ ఎత్తు లేదు. మళ్లీ కుడివైపుకి వచ్చింది. ఉంది.

పతకం లేదు. నాగుల నాలుకలు లేవు. తీగకి కాయలు నాలుగు.

చివరికి నాగు మెడ మీద చెయ్యి వేసింది. ఇది మాత్రం ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. కొత్తకోడలుగా మొదటి తలంటులో ఇక్కడే పొలుసు అంచు గుచ్చుకుని ఉంగరపు వేలు తెగింది. నిమ్మరసం పడి ప్రాణం పోయినంత మండింది. ఆ రోజు అత్తగారు ఎన్నడూ లేనిది నవ్వి, "న్యాయీ నిన్ను రుచి చూసింది, ఇక నువ్వు మా మనిషివి," అంది. ఆ మచ్చ ఇంకా వేలికి ఉంది. ఆ మచ్చ ఉన్న వేలితోనే ఇప్పుడు నాగు మెడని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి రుద్దింది. ఎక్కడా గుచ్చుకోలేదు. నున్నగా, చల్లగా ఉంది.

చేతికి గుచ్చుకుంటాయి, చూసుకో, అని నిన్న కూడా జుమిలాకి చెప్పింది.

సుమర్నికి ముందు సిగ్గేసింది. తరవాత ఆ పిల్ల మాట నిజమైనందుకు ఆ పిల్ల మీదే కోపం వచ్చింది. ఆ తరవాత న్యాయీ మెడ మీద తల ఆనించి ఏడ్చింది. అంత ప్రేమగా, అంత గట్టిగా రుద్దింది కదా. పీచు అరిగితే కొత్త పీచు తెచ్చి రుద్దింది. తనకంటే శుభ్రంగా కడిగినవాళ్లు లేరని పదిమందికీ చెప్పుకుంది. అది నిజమే, లేరు.

కళ్లు తుడుచుకుని లేచేసరికి రత్రి మండపం అవతల నీడలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో. నోట్‌బుక్కు కూడా తీయలేదు.

"ఒట్టి నీళ్లు పోస్తే ఏమన్నా అవుతుందా?" అంది సుమర్ని, ఎటో చూస్తూ.

"ఏమీ కాదు బూ. తడి లేకుండా తుడిస్తే చాలు. పొడిబట్ట అద్దాలి, రుద్దకూడదు."

"పూలు?"

"పూలు వెయ్యండి."

"చేతులు?"

రత్రి స్తంభానికున్న బోర్డు వైపు చూసింది, సుమర్ని వేళ్ల వైపు చూసింది. "ఈ చేతులు లేకపోతే కంకి ఉండేదని ఎవరికీ తెలిసేది కాదు," అంది.

సుమర్ని చెప్పులు వేసుకుంది. "నేనింకా ఏమీ ఒప్పుకోలేదు," అని చెప్పి మరీ వెళ్లింది.

గురువారం హార్యోగారు ఇంటికే వచ్చాడు. గుమ్మంలో నిలబడి, వాన గురించి, మోకాళ్ల గురించి, కోటలో పెచ్చులూడుతున్న గోడ గురించి మాట్లాడి, చివరికి మీసం మీద చెయ్యి వేశాడు.

"రేపు ఏం చేద్దామంటారు బూ?"

"తలంటు."

"అది కాదు. దేంతో?"

"మీరు ఏ వైపు దూకారో ముందు చెప్పండి పాక్, నేను రెండోవైపు దూకుతాను."

ఆయన వెళ్లిన కాసేపటికి రెబో అవ్వ వచ్చింది. డెబ్భై దాటిన రైతుమనిషి. ఆమెది పక్కూరు. మూడు మడులు ఇప్పటికీ తానే నాటుతుంది. తలంటు ముందురోజే వచ్చి కూతురింట్లో పడుకుని, తెల్లారి జనంలో అందరికంటే ముందు నిలబడుతుంది. ఇరవై లీటర్ల నూనె డబ్బా చేతిలో ఊపుకుంటూ వచ్చింది.

"చూసిపోదామని వచ్చా సుమర్నీ. నిరుడు నీళ్లు కాస్త పలచబడ్డాయి. ముసలిదానివైపోయి రుద్దడం తగ్గించావని మా ఊళ్లో అంటున్నారు. నేను ఒప్పుకోలేదనుకో. ఈసారి మాత్రం నల్లగా దించాలి, తారులాగా. మూడో మడికి చాల్లేదు."

"కూర్చో అవ్వా, నీళ్లు తాగు."

"నీ చప్పిడి నీళ్లు నాకెందుకు? రేపటి నీళ్లు బాగా దించు, అది చాలు." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "మా అమ్మ పోతూ పోతూ చెప్పింది. ఏ ఏడు ఏది మానినా న్యాయీ నీళ్లు మాత్రం మడికి మానొద్దని."

సుమర్ని ఆ రోజు సాయంత్రం తెల్లన్నం కూడా తినలేకపోయింది. నల్లగా దించితే రేపు అందరూ మెచ్చుకుంటారు. ఎంత గట్టిగా రుద్దితే అంత మెచ్చుకుంటారు. ఆవిడకి మెప్పంటే చేదేమీ కాదు.

శుక్రవారం ఎండ పొడవకముందే మైదానం నిండింది. ఏడు బావుల నీళ్లు ఏడు కుండల్లో వచ్చాయి. మల్లెలు, గులాబీ రేకులు, సంపెంగలు వెదురు చేటల్లో వచ్చాయి. సుమర్ని, జుమిలా, ఇంకో నలుగురు ఆడవాళ్లు భుజాలు విడిచి గుండెల మీదుగా బట్ట చుట్టుకుని, పసుపు ఉత్తరీయాలు వేసుకుని, కూర్చున్న భంగిమలోనే మెల్లగా జరుగుతూ మండపంలోకి వచ్చారు. న్యాయీ నడుము బట్ట విప్పే వేళకి హార్యోగారు చప్పట్లు కొట్టాడు. మైదానంలో ఉన్న మగవాళ్లంతా, బండ్లవాళ్లతో సహా, పోలీసు కూడా, మొహాలు అటు తిప్పుకున్నారు. తడిపే బట్ట నడుముకి చుట్టాక మళ్లీ చప్పట్లు మోగాయి, ఇటు తిరిగారు.

జుమిలా నిమ్మరసం తీసిన ఇత్తడి గిన్నె, బూడిద పొట్లం, కొత్త కొబ్బరిపీచు తెచ్చి అక్క ముందు పెట్టింది. జనంలో అవ్వ ముందు వరసలో ఉంది. రత్రి ఒక మూల స్తంభానికి ఆనుకుని ఉంది, పెదాలు బిగించి.

సుమర్ని గిన్నె అందుకుంది. రెండు చేతులా ఎత్తి న్యాయీకి చూపించింది. తరవాత దాన్ని తన వెనక్కి, చెయ్యి చాచినంత దూరం జరిపింది. బూడిద పొట్లమూ పీచూ అటే వెళ్లాయి.

"అక్కా?" అంది జుమిలా.

"నీళ్లియ్యి."

"అక్కా, నీళ్లేంటి, జనం చూస్తున్నారు..."

"చూడనీ. దానికే కదా వచ్చారు. కుండ ఎత్తు."

పూలనీళ్లు న్యాయీ మూతి మీద పడ్డాయి. సుమర్ని వట్టి అరచేత్తో నిమురుతూ వరస అందుకుంది. ఎప్పుడూ పెదాల మధ్య గొణిగే వరస. ఈసారి గొంతెత్తి, చివరి వరసలో నిలబడ్డవాళ్లకి కూడా వినపడేలా చెప్పింది. రేకులు పదహారు. తుమ్మెద ఒకటి. గువ్వ ముక్కున వరికంకి. అక్కడ చెయ్యి ఆగింది, లేని కంకి పొడుగునా నిమిరింది, ముందుకి వెళ్లింది. పేటలు, పతకం, నాలుకలు, పొలుసులు, కాయలు ఏడు. లేనివాటిని ఒక్కదాన్ని కూడా వదల్లేదు.

నీళ్లు జారి కుండల్లోకి దిగాయి. తెల్లగా, మల్లెరేకులు తేలుతూ.

జనం మెడలు చాచి కుండల్లోకి చూశారు. తరవాత వెనక నుంచి ఒక మగగొంతు, "ఇవి మా బావిలోనూ ఉన్నాయి కదా," అంది. నవ్వులు లేచాయి. "రుద్దలేకపోతే తప్పుకోవాలి గానీ," అంది ఇంకెవరో. "పొద్దున్నుంచీ నిలబడ్డది దీనికా?" హార్యోగారి చెయ్యి మీసం మీదికి పోయింది. సుమర్ని మొగ్గ దగ్గర దణ్ణం పెట్టి, అపచారం మన్నించమని అడిగి, అప్పుడు జనం వైపు తిరిగింది. తలంటు మధ్యలో పెద్ద మాట్లాడటం కర్తసారిలో ఇంతవరకు లేదు.

"నవ్వినవాళ్లు ముందుకి రండి," అంది. ఎవరూ రాలేదు. "నేను రుద్దలేక మానలేదు. రుద్దీ రుద్దీ మానాను. వరస విన్నారు కదా. గువ్వ ముక్కున వరికంకి. ఎవరికన్నా కనపడుతోందా ఆ కంకి? నాకూ కనపడదు. మా అత్తగారికీ కనపడలేదేమో, ఆవిడ అత్తగారి చేతికి అందిందేమో. ఏమైంది మరి? దొంగలెత్తుకెళ్లారా? మేమే నిమ్మరసం పోసి, పీచు పెట్టి, ఏడాదికింత కరిగించి మీ సీసాల్లో పోశాం. మీరు పట్టుకెళ్లిన నలుపు న్యాయీ మురికి కాదు, న్యాయీయే. తుమ్మెదలు మీ కొట్ల గడపల మీద ఉన్నాయి. పతకం మీ పిల్లల నుదుట ఉంది. ఆ కంకి మీ మడుల్లో ఉంది. ఇచ్చినన్నాళ్లు ఇచ్చింది. ఆవిడ కాదనలేదు. నేను కాదంటున్నాను. తెల్లనీళ్లు కావాలంటే పట్టండి. నల్లవే కావాలంటే ఇంకో మనిషిని చూసుకోండి, కానీ ముందు నన్ను ఈ పీట మీంచి ఎత్తి అవతల పెట్టండి."

ఎవరూ కదల్లేదు. రెబో అవ్వ మాత్రం కదిలింది. మెట్లెక్కి, ఎవర్నీ అడక్కుండా న్యాయీ దగ్గరికి వచ్చి, వంగి, కుడి గువ్వ ముక్కుని దగ్గర్నుంచి చూసింది. ముడతలు పడ్డ వేలితో ముక్కు కింద తడిమింది. నాట్లు వేసి వంగిపోయిన ఆ నడుము అంతసేపూ నిటారు కాలేదు.

"నా మడిలో ఉందంటావా?"

"ఉందవ్వా."

"మా అమ్మ మడి కూడా అదే." అవ్వ ఇంకాసేపు తడిమింది. తరవాత నూనె డబ్బా మూత తిప్పి, సుమర్ని ముందుకి చాపింది. "పొయ్యి. తెల్లవే పొయ్యి. తీసుకుంది చాలు."

సుమర్ని కుండ ఎత్తి పోసింది. నాలుగు చుక్కలు అవ్వ కాళ్ల మీద పడ్డాయి. అవ్వ వెనక ఒకరొకరుగా సీసాలు వచ్చాయి. కొందరు సణుక్కుంటూ పట్టుకున్నారు, కొందరు పట్టుకోకుండానే వెళ్లిపోయారు. బావి గురించి మాట్లాడిన మగగొంతు ఎవరిదో గానీ, కుండ అడుగు దాకా జనం తగ్గలేదు.

తుడవడానికి గంట పట్టింది. అద్దాలి, రుద్దకూడదు. జుమిలా నాలుగుసార్లు రుద్దింది, నాలుగుసార్లూ చెయ్యి మీద దెబ్బ తింది. రత్రి దగ్గరికి వచ్చి, తానూ ఒక బట్ట పట్టుకోవచ్చా అని అడిగింది.

"మూడు రోజులు టెంపే వేపుడు మా మొహాన తిన్నావు. తెల్లన్నం మీదుంటే వచ్చే ఏడు రా, ముందు నీళ్లు మోద్దువుగాని," అంది సుమర్ని. "ముందు ఆ బోర్డు సంగతి చూడు."

రత్రి వెళ్లి బోర్డు దింపింది. "ఆఫీసుకి ఏం చెప్పాలో మరి," అంది.

"వరస రాసుకున్నావుగా, అది చూపించు. కొలతలూ లెక్కలూ వాళ్ల దగ్గర ఎన్నైనా ఉంటాయి. ఇది ఉందేమో అడుగు." వెనక్కి చెయ్యి చాపి ఇత్తడి గిన్నె ముందుకి లాక్కుంది. రెండు వందల కాయల రసం. నాలుగు రోజుల చప్పిడి నోరు. "ఒరే, ఎవరక్కడ, బెల్లం తెండి, మంచు తెండి. ఈ రసం నేలపాలు చేస్తే కొట్టువాడు నవ్విపోతాడు. ఎంచి ఎంచి కొన్నాను."

మండపం మెట్ల మీద కూర్చుని ఆడవాళ్లూ, బండ్లవాళ్లూ, హార్యోగారూ, ఆఫీసు పిల్లా అందరూ బెల్లం నిమ్మనీళ్లు తాగారు. హార్యోగారు రెండో గ్లాసు అందుకుంటూ, తాను మొదటి నుంచీ ఇదే అనుకున్నానన్నాడు.

శనివారం ఉదయం సుమర్ని మండపం తుడిచి వాడిన పూలు తీస్తోంది. మోకాళ్లు సలుపుతున్నాయి, మనసు మాత్రం తేలిగ్గా ఉంది. మెట్ల దగ్గర అలికిడైతే తలెత్తింది. రెబో అవ్వ. కాళ్లకి మోకాళ్ల దాకా బురద ఆరిపోయి ఉంది. నిన్న బస్సెక్కి ఊరెళ్లి, పొద్దున్నే మళ్లీ బస్సెక్కి వచ్చినట్టుంది. చేతిలో గుడ్డలో చుట్టిన ఒక్క వరికంకి, కోతకొచ్చిన మడిలోది. నిండుగా, గింజ బరువుకి వంగి ఉంది.

అవ్వ న్యాయీ మూతి దగ్గరికి వెళ్లి, రెండు గువ్వల్నీ ఒకసారి చూసి, కంకిని ముక్కు దగ్గర పెట్టబోయింది. సుమర్ని చీపురు వదిలేసి గబగబా లేచింది.

"ఎడమదానికి కాదవ్వా, కుడిదానికి. ఎడమదాని ముక్కు ఖాళీ."